మట్టపర్తి వీరరాఘవులు గారి నికర ఉద్గారం

ఊపిరి ఆడుతున్న మనిషి బతికి ఉన్నట్టేనని లోకంలో ఒక నమ్మకం ఉంది. వైద్యులు, పురోహితులు, బీమా ఏజెంట్లు తక్కిన విషయాల్లో ఎంత విభేదించినా ఈ ఒక్క దానిలో ఏకాభిప్రాయంతో ఉన్నారు. తాళ్ళమెరక పట్టణంలోని విశ్రాంత ఉద్యోగుల పింఛను కార్యాలయంలో మొన్న ఫిబ్రవరిలో ఈ నమ్మకానికి పరీక్ష జరిగింది.

పరీక్షకు నిలబడినవారు మట్టపర్తి వీరరాఘవులు గారు. వయసు డెబ్బై రెండు. ముప్ఫై మూడేళ్ళు జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి విరమించారు. ఎక్కడికి వెళ్ళినా సైకిలు మీదే. ముహూర్తం చూడరు, ఎవరైనా తుమ్మితే ఆగరు, పిల్లి ఎదురైతే పక్కకు తప్పుకుని పిల్లికి దారి ఇస్తారు. ఏ మాటనైనా తూచి, చివర ఆధారం చేర్చి చెప్పడం ఉద్యోగంలో అబ్బిన అలవాటు. ఎదుటివారి రాతలో తప్పు కనబడితే చేతిలో ఉన్న కలంతో దిద్దకుండా ఉండలేకపోవడం అంతకంటే ముదిరిన అలవాటు. విరమణ ఈ రెంటినీ మాన్పలేదు.

పింఛను పుచ్చుకొనే ప్రతివారూ ఏటా ఫిబ్రవరి నెలాఖరులోగా తాము బతికే ఉన్నామని కార్యాలయంలో రుజువు చేసుకోవాలి. లేకపోతే మార్చి ఒకటి నుంచి పేరు మృతుల జాబితాలోకి పోతుంది. పింఛనూ ఆగుతుంది, ఆరోగ్య కార్డూ ఆగుతుంది. రెండేళ్ళ కిందట వీరరాఘవులు గారి గుండెకు స్టెంటు వేశారు. దానికి రోజూ మింగవలసిన మాత్రలు నెలనెలా ఆ కార్డు మీదే వస్తాయి. కాబట్టి బతికి ఉన్నట్టు రుజువు చేసుకోవడం ఆయనకు బతికి ఉండడానికి కూడా అవసరం.

ఇదివరకు ఈ రుజువుకు వేలిముద్ర యంత్రం ఉండేది. దశాబ్దాలు సుద్దముక్కలూ, కలాలూ, స్టీరింగులూ పట్టి గీతలరిగిన వేళ్ళను అది గుర్తుపట్టేది కాదు. ఈ ఏడు దానిని అటక మీద పెట్టి కొత్త విధానం తెచ్చారు. వాతావరణంలో కార్బన్ డయాక్సైడు పెరిగిపోతున్న దృష్ట్యా ప్రతి కార్యాలయంలోనూ దానిని కొలిచే మీటరు ఉండాలని పై కార్యాలయం ఉత్తర్వు చేసి మీటరును పంపింది. దానితో ఏం చేయాలో ఉత్తర్వులో లేదు. ఉత్తర్వు మౌనం వహించిన చోట ప్రతిభ చూపడం సహాయ పింఛను అధికారి దయానిధి గారికి వెన్నతో పెట్టిన విద్య. ఆయన ఒక నోటు రాశారు: 'జీవించియున్న వ్యక్తి కర్బన వాయువును విడుచును. మృతి చెందిన వ్యక్తి విడువడు. కావున సదరు మీటరును సజీవ ధ్రువీకరణకు వినియోగించవచ్చును.' నోటు పైకి వెళ్ళి మూడు ముద్రలు వేయించుకుని కిందికి వచ్చింది.

వరండాలో ఒకప్పటి ఎస్టీడీ బూతు ఖాళీగా పడి ఉంది. అద్దాల తలుపు సందులకు రబ్బరు పట్టీలు అంటించి, లోపల ఒక స్టూలు వేసి, గోడకు మీటరు తగిలించారు. పింఛనుదారు లోపల కూర్చొని తలుపు మూసుకోవాలి. మూడు నిమిషాల్లో అంకె నాలుగువందల ముప్ఫై నుంచి ఎనిమిదివందలకు ఎక్కితే సజీవుడు.

"కూర్చోండి మాస్టారూ," అన్నాడు అటెండరు పోసిబాబు తలుపు పట్టుకుని. "ఊపిరి మాత్రం బిగపెట్టకండేం. నిన్న ఓ పెద్దాయన హడిలిపోయి బిగపెట్టేసేరు. ఆరొందలు దాటలేదు. పాక్షికంగా సజీవుడని రాసేరండి."

"ఆయన ఏమన్నాడు?"

"సగం పింఛనైనా ఇప్పించమన్నారండి."

వీరరాఘవులు గారు కూర్చొని మామూలుగా ఊపిరి పీల్చారు. మూడు నిమిషాలకు ఎనిమిదివందల ముప్ఫై వచ్చింది. సీనియర్ అసిస్టెంటు ఇందుమతి అద్దంలోంచి అంకె చూసి రిజిస్టరులో వేసుకుంది. ఆమె ఒకప్పుడు ఆయన దగ్గరే ఇంటర్మీడియట్ చదివింది.

"ఉన్నారండి మాస్టారూ. సంతోషం. కాకపోతే చిన్న ఇబ్బందుంది."

ఇబ్బంది ఇది. మార్చి ముప్ఫై ఒకటి నాటికి ప్రతి కార్యాలయమూ తన నికర ఉద్గారాన్ని సున్నాగా చూపాలని ఇంకో ఉత్తర్వు వచ్చింది. విడిచిన కర్బనంలోంచి తిరిగి పీల్చినది తీసివేస్తే మిగిలేదే నికరం. బూతు కార్యాలయం ఆవరణలో ఉంది. అందులో విడిచిన ఊపిరి కార్యాలయం పద్దులోనే పడుతుంది. పరిధిలో పింఛనుదారులు పదకొండు వందల నలభై మంది. వారిలో ఒక్కొక్కరు బతికి ఉన్నట్టు తేలేకొద్దీ కార్యాలయం కాలుష్యకారకమవుతోంది.

"కిందటి వారం ఇద్దరు పోయేరండి," అన్నాడు పోసిబాబు. "సారు కాస్త తేరుకున్నారు."

దయానిధి గారు పరిహార విధానం ప్రకటించారు. సజీవులుగా తేలిన ప్రతివారూ తమ ఉద్గారానికి ప్రాయశ్చిత్తంగా ఒక కుండీ మొక్కను కార్యాలయానికి సమర్పించాలి. వీరరాఘవులు గారు మరునాడు సైకిలు హ్యాండిలుకు సంచీ తగిలించుకుని ఒక తులసి మొక్కను తెచ్చారు. తులసిని ఎంచుకోవడానికి భక్తి కారణం కాదు. పెరట్లో ఊరికే మొలిచింది అదే. వారం తిరిగేసరికి ఆరువందల కుండీలు చేరాయి. అవి ప్రభుత్వ ఆస్తి. బయట పెడితే పోతాయి. అందుచేత కిటికీలు లేని రికార్డు గదిలో పెట్టి తాళం వేసి, తాళానికి సీలు వేశారు.

పది రోజులకు తనిఖీ కోసం గది తెరిచి మీటరు లోపల పెడితే అంకె రెండువేలు దాటింది. దయానిధి గారు వీరరాఘవులు గారిని పిలిపించారు.

"మాస్టారూ, మీరు ఈ శాస్త్రంలో నిష్ణాతులు. కర్బనాన్ని పీల్చుకొనుటకై నియోగింపబడిన మొక్కలు దానిని విడుదల చేయుచున్నట్లు కార్యాలయము దృష్టికి వచ్చినది. ఇది విధి నిర్వహణలో అలసత్వమా, ఉద్దేశపూర్వకమా?"

"చీకట్లో పెట్టారండి," అన్నారు వీరరాఘవులు గారు. "వెలుతురుంటేనే మొక్క ఆ గాలిని పిండిపదార్థంగా మార్చుకుంటుంది. చీకట్లో మనలాగే ఊపిరి తీసి వదులుతుంది. పైగా సగం చచ్చిపోయి కుళ్ళుతున్నాయి. కుళ్ళినా అదే గాలి వస్తుంది."

"అనగా మృతి చెందిన తరువాత కూడా విడుచునా?"

"మొక్కే కాదు, మనిషైనా అంతే."

దయానిధి గారు కొంతసేపు తాము రాసిన నోటు గురించి ఆలోచించారు. తరువాత ఆలోచించడం మానేశారు. ఆ సాయంత్రం ప్రతి కుండీకీ ఒక సంజాయిషీ నోటీసు అతికించారు. మూడు రోజుల గడువులో ఒక్క మొక్కా జవాబు ఇవ్వలేదు. ఆరువందల మొక్కలనూ విధుల నుంచి తొలగించారు. పోసిబాబు వాటిని వెనుక దొడ్లో పారబోశాడు. అక్కడ వెలుతురు తగిలి పాతిక ముప్ఫై చిగిర్చాయి.

సున్నా చూపవలసిన గడువు దగ్గర పడుతోంది. దయానిధి గారు మళ్ళీ కబురు చేశారు. ఈసారి కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, సమస్యకు శాస్త్రీయమైన పరిష్కారం అడిగారు. వీరరాఘవులు గారికి ఈ మాట వినబడి పద్నాలుగేళ్ళయింది. ఆయన బల్ల మీది తెల్లకాగితం తీసుకుని ఒక వలయం గీశారు.

"ఇవాళ పొద్దున నేను నాలుగు ఇడ్డెన్లు తిన్నాను. వాటిలో ఉన్న కర్బనం ఎక్కడిది? బియ్యంలోది, మినప్పప్పులోది. వాటికి ఎక్కడిది? కిందటి పంటకాలంలో ఆ పైర్లు గాలిలోంచి తీసుకున్నాయి. నేను ఇప్పుడు దాన్నే ఊపిరిగా వదులుతున్నాను. వచ్చే పంట మళ్ళీ తీసుకుంటుంది. గాలిలోది గాలిలోకే పోయింది. నా ఊపిరి వల్ల గాలిలో కొత్తగా చేరింది లేదు."

"మరి వాతావరణములో పెరుగుచున్నది ఎవరిది?"

"కోట్ల ఏళ్ళుగా భూమిలో పడి ఉన్న బొగ్గూ, చమురూ, గ్యాసూ తవ్వి కాలుస్తున్నాం. అది ఈ చుట్టులో లేని కర్బనం. బయటినుంచి వచ్చి పడుతోంది. అడవులు నరకడం దానికి తోడు. అదిగో, మీ కిటికీ వెనకాల డీజిలు జనరేటరు మోగుతోంది చూడండి, దాని నుంచి వచ్చేది నిజమైన చేరిక."

"ఆ కిటికీ వెయ్యవోయ్, మాస్టారి మాట వినబడడం లేదు," అన్నారు దయానిధి గారు పోసిబాబుతో. ఆ తరువాత వీరరాఘవులు గారి వైపు తిరిగి, "జనరేటరు అద్దెది. దాని ఉద్గారము కాంట్రాక్టరుకు చెందును. మీ విషయానికి వద్దాం. మీ శ్వాస యొక్క నికర ఉద్గారము ఎంతంటారు?" అని అడిగారు.

"సున్నా."

"ఈ మాట రాసి ఇవ్వగలరా?"

ఏ విషయాన్నయినా రాసి ఇమ్మని అధికారి అడిగినప్పుడు తాళ్ళమెరకలో ఎవరూ వెంటనే కలం తీయరు. ముందు ఇంటికి వెళ్ళి నలుగురినీ అడుగుతారు. కాని వీరరాఘవులు గారు ఉపాధ్యాయులు. విన్న పాఠాన్ని రాసి ఇమ్మని విద్యార్థి అడగడం కంటే ఆయనకు వేరే సంతోషం లేదు. పటంతో సహా రెండు పేజీలు రాసి, సంతకం చేసి, తేదీ వేశారు.

రెండు రోజుల తరువాత పోసిబాబు ఇంటికి ఒక మెమో తెచ్చాడు. తలెత్తకుండా చేతిలో పెట్టి, "మరేం అనుకోకండి మాస్టారండీ, నేను తెచ్చేవాడినే గాని రాసేవాడిని కాదు," అన్నాడు.

మెమోలో ఇలా ఉంది: 'శ్రీ మట్టపర్తి వీరరాఘవులు గారు తమ శ్వాస యొక్క నికర ఉద్గారము సున్నా అని లిఖితపూర్వకముగా తెలియజేసియున్నారు. సదరు వాదనను కార్యాలయము పూర్తిగా ఆమోదించినది. ఉద్గారము లేని చోట శ్వాస లేదు. శ్వాస లేని చోట జీవము లేదు. కావున ఫిబ్రవరి ఇరవై ఎనిమిది లోపల అభ్యంతరములు రాని యెడల వారి పేరు మృతుల జాబితాలో చేర్చబడును.'

వీరరాఘవులు గారు 'వాదన' అన్నచోట 'నిరూపిత సత్యం' అని దిద్ది, చొక్కా తొడుక్కుని కార్యాలయానికి వెళ్ళారు.

"నికరంగా లేదన్నాను గాని ఊపిరే లేదనలేదండి," అన్నారు.

"కార్యాలయము నికరమునే గుర్తించును," అన్నారు దయానిధి గారు.

"మరి బూతులో ఎనిమిదివందల ముప్ఫై వచ్చిందిగా?"

"అది స్థూలము."

"మీ ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నాను."

"అది వ్యక్తిగతముగా నాకు ఆనందదాయకమే. ఫైలులో దానికి స్థానము లేదు."

"నాలాగా అన్నం తిని ఊపిరి వదిలేవాళ్ళేగా మిగతా పదకొండు వందల మందీ. వాళ్ళూ పోయినట్టేనా?"

ఇందుమతి బదులు చెప్పింది. "వాళ్ళు పెట్రోలు బిల్లులు తెస్తున్నారండి. మీరు రాసిన రెండో పేజీ చూసే సారు ఈ ఏర్పాటు చేసేరు. భూమిలోంచి తీసిన నూనె కాలిస్తే అది నికర ఉద్గారం, నికర ఉద్గారముంటే మనిషి ఉన్నట్టు. స్కూటీ వాళ్ళు సజీవులు. బుల్లెట్టు వాళ్ళకయితే సంతకం కూడా అడగట్లేదు."

"అప్పుడు మీ కార్యాలయం ఉద్గారం సున్నా ఎలా అవుతుందమ్మా?"

"ఆ పొగ రోడ్డు మీదదండి. రోడ్లు మన శాఖ కాదు."

వీరరాఘవులు గారికి సైకిలు తప్ప బండి లేదు. ఆ సంగతి తెలిసి దయానిధి గారు నిజంగానే నొచ్చుకున్నారు. ఆయన చెడ్డవారు కారు. సొరుగు లోంచి ఒక అచ్చు నమూనా తీసి ఇచ్చారు. 'నా శ్వాసలోని కర్బనము గాలి నుండి వచ్చినది కాదనియు, అది భూగర్భమునందలి ఇంధనము నుండియే నాకు లభించుచున్నదనియు, పంటలకును దానికిని ఎట్టి సంబంధము లేదనియు, లోగడ నేను తెలిపినది అసత్యమనియు ఇందుమూలముగా ప్రమాణము చేయుచున్నాను.'

"దీనిపై సంతకము చేసినచో తక్షణమే సజీవులగుదురు," అన్నారు.

"ఇది తప్పండి."

"తప్పో ఒప్పో ఇరవై ఎనిమిదవ తేదీ సాయంత్రము ఐదు గంటల వరకు స్వీకరింపబడును."

ఇంటి దగ్గర ఆయన భార్య సుభద్రమ్మ నమూనాను రెండుసార్లు చదివింది. "ఒక్క సంతకం. పెట్టేస్తే పోయేదేముందండి?"

"ముప్ఫై మూడేళ్ళు పిల్లలకు చెప్పింది పోతుంది."

"ఒక్కడి బుర్రకీ ఎక్కలేదని ముప్ఫై మూడేళ్ళూ మీరే తిట్టుకున్నారుగా. ఎక్కనిది పోయేదేంటి?"

ఆయన కంచంలోని పెసరట్టు తుంచుకున్నారు.

"మాత్రలు ఆరు రోజులకే ఉన్నాయి," అందామె డబ్బా మూత తీసి చూపిస్తూ. "మీరు పోయినట్టు రాసేస్తే నాకు సగం పింఛను వస్తుందట, ఇందుమతిని అడిగేను. బతకడానికి చాలుతుంది. కాని ఎదురుగా కూర్చుని పెసరట్టు తింటున్న మనిషికి నేను బొట్టు తీసెయ్యను. ముందే చెప్తున్నా."

"తియ్యమని ఎవరన్నారు?"

"మీరు ఆ సంతకం పెట్టకపోతే రేపు ఎవడో అంటాడు. అయినా మీకు బండే ఉండాలా? ఈ అట్టు దేనిమీద కాలింది? గ్యాసు మీద కాదా? ఆ ఫ్యాను దేంతో తిరుగుతోంది? ఆ కరెంటు బొగ్గు కాల్చి తీసిందని మీరేగా పక్కింటాయనకి గంటసేపు చెప్పేరు."

వీరరాఘవులు గారు తింటున్న అట్టును కంచంలో వదిలేసి లేచారు. ఆమె చెప్పినది నిజం. పైగా రుజువు చేయదగిన నిజం. తన ఊపిరి నికర ఉద్గారం కాదు, కాని తన ఇల్లు నికరంగా ఉద్గారం చేస్తోంది. ఒక్క అబద్ధమూ ఆడకుండా బతికి ఉండే మార్గం దొరికింది. ఆయన మధ్యాహ్నమంతా కూర్చొని నాలుగు పేజీలు రాశారు. ఏడాదికి ఎన్ని సిలిండర్లు, ఒక్కో సిలిండరుకు ఎంత కార్బన్ డయాక్సైడు, జనవరిలో ఎన్ని యూనిట్లు, యూనిట్టుకు ఎంత బొగ్గు, అన్నీ లెక్కగట్టి, గ్యాసు పుస్తకమూ కరెంటు బిల్లూ జతపరిచారు.

ఇరవై ఎనిమిదవ తేదీ నాలుగు గంటలకు ఆ కాగితాలు ఇందుమతి బల్ల మీద ఉన్నాయి. దయానిధి గారు కూడా వచ్చి పక్కన నిలబడ్డారు. అందరూ ఆయన బతకాలనే కోరుకుంటున్నారు. పోసిబాబు ముద్ర చేతిలో పట్టుకుని సిరా అద్దుకుని ఉన్నాడు.

ఇందుమతి గ్యాసు పుస్తకం తెరిచింది. "కనెక్షను సుభద్రమ్మ గారి పేరున ఉందండి."

"ఆడవాళ్ళ పేరునే ఇస్తామన్నారప్పుడు. వంట ఇద్దరికీను."

"కనెక్షను ఎవరిదో ఉద్గారం వాళ్ళదండి. సుభద్రమ్మ గారు ఉన్నట్టు తేలింది." ఆమె రిజిస్టరులో వేసుకుని కరెంటు బిల్లు తీసింది. తీసి, కళ్ళజోడు సవరించుకుంది. "మట్టపర్తి నరసింహమూర్తి గారంటే ఎవరు మాస్టారూ?"

"మా నాన్నగారు. ఇల్లు ఆయన కట్టించారు. పోయి ముప్ఫయ్యారేళ్ళయింది. మీటరు పేరు మార్చమని నాలుగు అర్జీలు పెట్టాను. ఇల్లు ఆయనదే గనక ఆయనొచ్చి అడగాలన్నారు."

"జనవరిలో నూట అరవై యూనిట్లు వాడేరు."

"వాడింది మేము. బిల్లు కట్టేది నేను."

"కట్టేవారిని ఎవరూ అడగరండి. వినియోగదారు పేరే కాలమ్‌లో వేస్తాం." ఇందుమతి దయానిధి గారి వైపు చూసింది. "నూట అరవై యూనిట్లు, బొగ్గు కరెంటు. గట్టి ఉద్గారమే సార్."

దయానిధి గారి ముఖం పాలిపోయింది. "వారు ఉద్యోగము చేసిరా?"

"ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు. ఈ కార్యాలయంలోనే పింఛను తీసుకునేవారు."

పాత రిజిస్టరు దింపించారు. నరసింహమూర్తి గారి పేరు మృతుల జాబితాలో ఉంది. దయానిధి గారు దాని ముందు ఒక నిమిషం నిలబడ్డారు. "ఒక సజీవుని ఈ కార్యాలయము ముప్ఫది ఆరు సంవత్సరములు మృతునిగా చూపినది. నా సర్వీసులో ఇట్టి ఘోరమును చూడలేదు. మాస్టారూ, కార్యాలయము పక్షమున వారికి నా క్షమాపణలు తెలుపగలరు."

"ఆయన లేరండి. నా చేతుల మీదుగా దహనం చేశాను."

"మీరు చెప్పుచున్నది స్థూలము," అన్నారు దయానిధి గారు మృదువుగా.

పోసిబాబు సిరా ఆరిపోతున్న ముద్రను మళ్ళీ అద్దుకుని, దగ్గరగా వచ్చాడు. "మాస్టారండీ, పెద్దాయనకి ఆరోగ్య కార్డు వస్తుంది కదండీ. మీరు కొడుకుగా ఆ కార్డులో చేరిపోండి. మాత్రలు ఎవరి పేరున వస్తే ఏంటి, మింగేది మీరేగా."

"పాతికేళ్ళ లోపు కొడుకులనే చేర్చాలి," అంది ఇందుమతి.

"ఎన్నేళ్ళండి తమకి?"

"డెబ్బై రెండు."

గోడ గడియారం ఐదుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఇందుమతి లేచి, అచ్చు నమూనాను ఆయన ముందు పెట్టి, తన కలం మూత తీసి ఇచ్చింది. ఆమె గొంతు తగ్గించింది. "మాస్టారూ, మీ దగ్గర చదివినదాన్ని. ఇది తప్పని నాకూ తెలుసు. ఎవరూ చదవరండి దీన్ని. సంతకమే చూస్తారు."

"నువ్వు చదివేవుగా అమ్మా."

ఆయన కలం అందుకున్నారు. సుభద్రమ్మ మూత తీసి చూపించిన డబ్బా జ్ఞాపకం వచ్చింది. కాగితాన్ని దగ్గరకు లాక్కుని, సంతకం చేయవలసిన చోటు చూసుకుని, అలవాటు కొద్దీ పై నుంచి చదవడం మొదలుపెట్టారు. 'గాలి నుండి వచ్చినది కాదనియు' అన్నచోట 'కాదనియు' కొట్టివేసి 'అనియు' అని రాశారు. 'భూగర్భమునందలి ఇంధనము' అన్నచోట 'పంటల' అని రాశారు. 'ఎట్టి సంబంధము లేదనియు' అన్నచోట 'అవినాభావ సంబంధము కలదనియు' అని రాశారు. 'అసత్యమనియు' లో మొదటి అక్షరాన్ని కొట్టివేసి తక్కినది కలిపారు. మరొకసారి మొత్తం చదువుకుని, తప్పులు లేవని నిశ్చయించుకుని, కింద సంతకం చేసి, ఐదుకు రెండు నిమిషాలు ఉందనగా ఇందుమతి చేతికి ఇచ్చారు.

మాత్రలను మార్చి నెల నుంచి సుభద్రమ్మ తనకు వస్తున్న సగం పింఛనుతో మందుల షాపులో కొంటోంది. మార్చి ముప్ఫై ఒకటిన కార్యాలయం నికర ఉద్గారం సున్నా అని ప్రకటించి దయానిధి గారికి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ రోజు సభ ముగిసేవరకు జనరేటరు మూడు గంటలు నడిచింది. సంవత్సరాంతపు జాబితాలో ఆ ఇంటికి సంబంధించిన నమోదులు మూడు.

మట్టపర్తి నరసింహమూర్తి, వయసు నూట పదిహేను: సజీవుడు. ఆధారం: విద్యుత్తు బిల్లు.

మట్టపర్తి సుభద్రమ్మ, వయసు అరవై ఆరు: సజీవురాలు. ఆధారం: గ్యాసు కనెక్షను.

మట్టపర్తి వీరరాఘవులు, వయసు డెబ్బై రెండు: మృతుడు. ఆధారం: స్వహస్తంతో దిద్ది సంతకం చేసిన ప్రమాణ పత్రం.